ముంబైలో ఆ పాత వాట్సన్ హోటల్ నిజంగా ఇనుప భవనమేనా? కూల్చక తప్పదా?

కాలేజీ టూర్‌లో ముంబై వెళ్ళి, కాలా ఘోడాలో పరంజాల వెనక పాడుబడి ఉన్న ఎస్ప్లనేడ్ మాన్షన్ (పాత వాట్సన్ హోటల్‌కి తర్వాత వచ్చిన పేరు) చూశానని రాశారు. మీరు అడిగినవి మూడు. ఒకటి, దీన్ని ఇనుప భవనం అంటారేంటి, బయటికి ఇటుక గోడలు కనిపిస్తున్నాయి కదా? రెండు, దీన్ని విక్టోరియన్ హోటల్ అంటారు కానీ సీఎస్‌టీ స్టేషన్ లాంటి కోణపు ఆర్చీలు, గోపురాలు ఏవీ లేవేంటి? మూడు, సముద్రం పక్కన 150 ఏళ్ళు నిలబడిన ఇనుము తుప్పు పట్టిపోయి ఉంటుంది, కూల్చడం తప్ప దారి లేదని మీ సార్ అన్నారట. అది నిజమేనా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అవును, అది ఇనుప భవనమే. ఆ ఇటుక గోడలు బరువు మోయవు, ఇనుప చట్రమే గోడల్ని కూడా మోస్తోంది. విక్టోరియన్ అనేది కాలం పేరు, ఒక శైలి పేరు కాదు. ఇక కూల్చక తప్పదు అన్నదానితో నేను ఏకీభవించను. ఆ భవనాన్ని దెబ్బ తీసింది ఇనుము వయసు కాదు. దాని మీద తర్వాత ఎక్కించిన బరువు, దానిలోకి దశాబ్దాల తరబడి కారిన నీళ్ళు. ఈ రెండూ తీసేయగలిగినవే.

నాది కాకినాడ. ఇరవై రెండేళ్ళుగా ముంబైలో పాత కట్టడాల మరమ్మతు చేస్తున్న స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ఈ భవనం పనిలో నాకు భాగం లేదు. లోపల లాయర్ల ఆఫీసులు, జిరాక్స్ షాపులు నడుస్తున్న రోజుల్లో మాత్రం చాలాసార్లు వెళ్ళాను. ఒక్కోసారి పనేమీ లేకపోయినా, ఆ స్తంభాలు చూడ్డానికే మెట్లెక్కేవాణ్ణి.

అది ఎలా పుట్టిందో తెలిస్తే మీ మొదటి ప్రశ్న సగం తేలిపోతుంది. 1860లలో బొంబాయి కోట గోడలు కూల్చేశారు. దాంతో కోట బయటి మైదానం అంచున కొత్త ప్లాట్లు వచ్చాయి. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల ఇక్కడి పత్తికి విపరీతమైన ధర పలికి ఊళ్ళోకి డబ్బు వరదలా వచ్చింది, 1865లో ఆ బుడగ పగిలింది కూడా. ఆ తర్వాత, 1867లో, జాన్ వాట్సన్ అనే ఇంగ్లీషు బట్టల వ్యాపారి ఇక్కడ స్థలం లీజుకి తీసుకున్నాడు. డిజైన్ చేసింది ఆర్కిటెక్ట్ కాదు, ఇంజినీరు. పేరు రోలాండ్ మేసన్ ఆర్డిష్. లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ పనిలో పాల్గొన్నవాడు, తర్వాత థేమ్స్ మీద ఆల్బర్ట్ బ్రిడ్జి కట్టినవాడు. స్తంభాలు, బీములు, ఆ రెండింటినీ కలిపే బ్రాకెట్లు అన్నీ ఇంగ్లండ్‌లో పోత పోసి, ఓడల్లో తెచ్చి, ఇక్కడ బోల్టులతో బిగించారు. పని మొదలైన నాటికి సూయజ్ కాలువ ఇంకా తెరుచుకోలేదు. సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసిన రోజులవి. ఒక బ్రాకెట్ కొలత తప్పితే మళ్ళీ పోయించి తెప్పించడానికి ఎన్ని నెలలు పట్టేదో ఆలోచించండి. అందుకే ఆ కొలతల్లో అంత శ్రద్ధ కనిపిస్తుంది.

1871 నాటికి హోటల్ సిద్ధమైంది. కింద లాబీ, రెస్టారెంటు, బారు. పైన నాలుగు అంతస్తుల్లో 130 గదులు. మధ్యలో గాజు కప్పుతో పెద్ద హాలు, దాని చుట్టూ గదులు, ప్రతి అంతస్తుకీ బయటికి పొడుచుకొచ్చిన పొడవాటి బాల్కనీలు. చూసినవాళ్ళు పెద్ద పక్షి పంజరంలా ఉందన్నారు. ఇంజినీరు కళ్ళతో చూస్తే అంతకన్నా సరైన పోలిక దొరకదు. పంజరంలో బలమంతా ఊచల్లోనే ఉంటుంది.

ఇప్పుడు గోడల సంగతి. మన ఊళ్ళలో పాత మండువా ఇల్లు గుర్తు తెచ్చుకోండి. రెండడుగుల మందం గోడ కట్టి, దాని మీద దూలాలు పెడతారు. గోడ తీసేస్తే ఇల్లు కూలిపోతుంది. అప్పటి బొంబాయి భవనాలు కూడా చాలావరకు అంతే. వాట్సన్ హోటల్లో అది తలకిందులైంది. ముందు ఇనుప స్తంభాలు, వాటి మీద ఇనుప బీములు. ఖాళీల్లో ఇటుక పేర్చారు. ఆ ఇటుక బరువు పక్కనున్న బీము మీద పడుతుంది. ఇవాళ మనం అపార్ట్‌మెంట్లు కట్టేది ఈ పద్ధతిలోనే, కాకపోతే ఇనుము బదులు ఆర్‌సీసీ, అంటే లోపల కమ్మీలు పెట్టిన కాంక్రీటు. చికాగోలో 1885లో పూర్తయిన హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ని ఆకాశహర్మ్యాలకు తల్లి అని పాఠాల్లో చెబుతారు. దానికి పద్నాలుగేళ్ళ ముందే బొంబాయిలో ఐదంతస్తుల చట్రం నిలబడి, అందులో మనుషులు కాపురం ఉన్నారు. ఇంగ్లండ్‌లో షీర్‌నెస్ ఓడరేవులో 1860 నాటి పడవల గిడ్డంగి ఇలాంటిదే ఉంది. కానీ అది గిడ్డంగి. గదులు, గోడలు, మనుషులు ఉన్న భవనంలో మొత్తం బరువు ఇనుప చట్రం మీదే వేసిన తొలి కట్టడాల్లో ఇది ఒకటి, ప్రపంచం మొత్తం మీద. మన దేశంలో మిగిలి ఉన్న పోత ఇనుప (కాస్ట్ ఐరన్) భవనాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. దీని గురించి ఇంత గట్టిగా మాట్లాడటానికి నా కారణం అదే.

ఇక విక్టోరియన్ అన్న మాట. విక్టోరియా రాణి పాలించింది 1837 నుంచి 1901 దాకా. ఆ 64 ఏళ్ళలో కోణపు ఆర్చీల గోతిక్ కట్టారు, ఇటాలియన్ పద్ధతిలో కట్టారు, మన దగ్గర గుమ్మటాలు, ఛత్రీలు కలిపి ఇండో సారసనిక్ కట్టారు, ఇనుముతోనూ కట్టారు. అన్నీ విక్టోరియన్‌లే.

దీన్ని అర్థం చేసుకోవడానికి నేను జూనియర్లకి ఎప్పుడూ చెప్పే జంట ఒకటుంది. లండన్‌లో సెయింట్ పాంక్రస్ స్టేషన్. 1868లో తెరిచిన ఆ స్టేషన్ షెడ్డు విలియం హెన్రీ బార్లో డిజైన్, ఆ కప్పు వివరాల్లో ఆయనకు తోడు నిలిచింది మన ఆర్డిషే. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 240 అడుగుల వెడల్పు దాటిన ఇనుప కప్పు, ఆ రోజుకి ప్రపంచంలో అంత వెడల్పు కప్పు ఇంకోటి లేదు. దాని ముందు జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ఎర్ర ఇటుకతో మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్ కట్టాడు, 1873లో తెరిచారు. కోణపు ఆర్చీలు, గడియారం టవరు, మీ మనసులో ఉన్న విక్టోరియన్ బొమ్మ అచ్చంగా అదే. రోడ్డు మీద నిలబడితే హోటల్ తప్ప వెనకున్న ఇనుము కనపడదు.

బొంబాయికి రండి. వాట్సన్ హోటల్ నుంచి నాలుగడుగులు నడిస్తే రాజాబాయి టవర్ అనే గడియారం టవరు. దాని డిజైన్ కూడా అదే స్కాట్‌ది, ఆయన ఈ దేశంలో అడుగే పెట్టలేదు. అంటే లండన్‌లో పక్కపక్కనే పనిచేసిన ఇద్దరి చేతులు ఇక్కడా పక్కపక్కనే ఉన్నాయి. తేడా ఒక్కటే. లండన్‌లో ఇనుముని హోటల్ వెనక దాచారు. ఇక్కడ హోటలే ఇనుము, ముసుగు లేకుండా. నా వరకు ఈ రెండో పనిలో ధైర్యం ఎక్కువ ఉంది.

ఇక్కడెందుకు ఇనుము అంటారా? వాతావరణం ఒక కారణం. స్తంభం సన్నగా ఉంటుంది కాబట్టి గోడలో సగం పైగా తలుపులూ కిటికీలూ పెట్టుకోవచ్చు, సముద్రపు గాలి ఒక బాల్కనీలోంచి లోపలికొచ్చి మధ్య హాల్లోకి పోతుంది. ఉక్కపోత ఊళ్ళో హోటల్‌కి అంతకన్నా కావలసిందేముంది? విడిభాగాలు ముందే సిద్ధం కాబట్టి సైట్ మీద పని కూడా తగ్గుతుంది. మార్క్ ట్వేన్ 1896లో ఇక్కడ దిగి, బాల్కనీ కటకటాల మీద వాలి మాట్లాడుకునే కాకుల గురించి ముచ్చటగా రాశాడు. అదే ఏడాది జులై 7న లూమియర్ సోదరుల సినిమా మన దేశంలో మొదటిసారి ఆడింది ఈ హోటల్లోనే, టికెట్ రూపాయి.

సరే, అసలు ప్రశ్న. తుప్పు.

మీ సార్ ఇనుము అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది బహుశా మనం ఇవాళ వాడే స్టీలు. ఇక్కడున్నది వేరు. పోత ఇనుము, చేత ఇనుము (రాట్ ఐరన్) రెండింటినీ విడివిడిగా చూడాలి. పోత ఇనుములో కార్బన్ రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. నొక్కితే ఏనుగులా మోస్తుంది, లాగితే పెళుసు. నొక్కుడు బలంలో లాగుడు బలం ఐదారో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే స్తంభాలకి అది వాడతారు. చేత ఇనుములో కార్బన్ దాదాపు ఉండదు, పీచు పీచుగా ఉంటుంది, లాగినా వంచినా ఓర్చుకుంటుంది. బీములకి అది పనికొస్తుంది. పోత పోసినప్పుడు ఇసుక అచ్చుకి ఆనుకుని పైన గట్టి చర్మం లాంటి పొర ఏర్పడుతుంది. ఆ పొర చెక్కుచెదరకుండా, మీద రంగు ఉన్నంతకాలం పోత ఇనుము సముద్రపు గాలికి మామూలు స్టీలు కన్నా చాలా బాగా తట్టుకుంటుంది. మన పాత రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫారం కప్పు మోసే గుండ్రటి స్తంభాలు చూసే ఉంటారు. వందేళ్ళు దాటినవి ఎన్నో, ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఒక పని చెబుతాను. ఫోర్ట్ ప్రాంతంలోనే ఇంకో పాత వ్యాపార భవనం, మూడంతస్తులు, ముందు ఇనుప వరండా. అందరూ వరండా పోయిందనే అన్నారు. చూడ్డానికి అలాగే ఉంది, స్తంభాల మీద రంగు పొలుసులు పొలుసులుగా లేచి, అక్కడక్కడా తుప్పు చారికలు. మొదటి రోజు చిన్న సుత్తితో ఒక్కో స్తంభాన్నీ కింది నుంచి పైదాకా కొట్టుకుంటూ వెళ్ళాం. పగులు లేని పోత ఇనుము గుడి గంటలా మోగుతుంది, పగులుంటే చచ్చు చప్పుడు. పద్నాలుగు స్తంభాల్లో పదమూడు మోగాయి. తర్వాత సన్నటి డ్రిల్లు పెట్టాం. పోత ఇనుమైతే నల్లటి పొడి రాలుతుంది, చేతికి పెన్సిల్ ముల్లు రాసినట్టు మసి అంటుతుంది. చేత ఇనుమో స్టీలో అయితే మెలికలు తిరిగిన చుట్టలు వస్తాయి. రంగు ఏడు పొరలుంది. చివరి పొర సిందూరం, అంటే ఎర్రటి సీసం ప్రైమరు. దాని కింద ఇనుము నల్లగా, నున్నగా, నిన్న పోసినట్టు ఉంది.

పోయింది మరోచోట. రెండో అంతస్తులో ఎవరో వరండా మూల మూసేసి స్నానాల గది కట్టుకున్నారు. దాని కింద ఫ్లోరింగ్ విప్పితే టేకు దూలాల కొసలు వేళ్ళతో నలిపితే పిట్టులా రాలిపోయాయి. ఆ దూలాలు ఆనుకున్న చేత ఇనుప బీము పైరేకు అట్టముక్కలా పొరలు పొరలుగా విడిపోయింది. అక్కడికి ఆరడుగుల దూరంలో అదే బీము బాగుంది. నీళ్ళు ఎక్కడిదాకా పారాయో రోగం అక్కడిదాకానే.

వాట్సన్ హోటల్ కథ కూడా ఇంతే, పెద్ద ఎత్తున. 1903లో తాజ్ హోటల్ తెరిచాక పాత హోటల్ వెలుగు తగ్గింది. తర్వాత హోటల్ మూతపడి, గదులు ముక్కలు ముక్కలుగా ఆఫీసులకీ కాపురాలకీ అద్దెకి పోయాయి. కోర్టులు పక్కనే కాబట్టి లాయర్లు ఎక్కువ చేరారు. కొత్త అడ్డుగోడలు, అటకలు, ఫైళ్ళ బీరువాలు, నీళ్ళ డ్రమ్ములు వచ్చాయి. లోపల ఖాళీగా ఉండాల్సిన మధ్య హాలు గదులతో నిండింది. నేను వెళ్ళిన రోజుల్లో ఒక మెట్ల మలుపులో, సరిగ్గా బ్రాకెట్ కీలు మీద, పైపు చుక్క చుక్క కారుతూ ఉండేది. రెండేళ్ళ తర్వాత వెళ్తే అదే చోట అదే చుక్క. బ్రాకెట్‌కీ స్తంభానికీ మధ్య తుప్పు ఉబ్బి, సందు వెడల్పైంది. తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బిగుతుగా ఉన్న కీలులో అలా ఉబ్బితే పెళుసు పోత ఇనుము పగలక ఏం చేస్తుంది? 1947 నాటి అద్దె చట్టం వల్ల అద్దెలు పాత కాలంలోనే ఆగిపోయాయి. యజమానికి మరమ్మతు చేయించే ఆదాయం లేదు, అద్దెదారుకి అది తన ఇల్లు కాదు. ముంబైలో ఇలా పాడుబడ్డ భవనాలు వీధికొకటి ఉంటాయి. 2005లో వాట్సన్ బాల్కనీలో ఒక భాగం కూలి ప్రాణం పోయింది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల 2006 జాబితాలోకి కూడా ఎక్కింది. 2019లో మనుషుల్ని ఖాళీ చేయించారు. కూల్చాలన్న నివేదిక ఒకవైపు, బాగు చేయొచ్చన్న వాదన ఒకవైపు, అలా కోర్టు దాకా వెళ్ళింది.

బాల్కనీ కూలిందంటే చట్రం పోయినట్టే కదా అని మీరు అడగొచ్చు. కాదు. బాల్కనీ అనేది ఒక కొస మాత్రమే ఆనుకుని గాల్లో వేలాడేది. దానికి పడేది ఎక్కువ లాగుడు, పైగా వానంతా దాని మీదే. ఎక్కడైనా ముందు పోయేది అదే. బతకాల్సింది స్తంభాలు, వాటి కీళ్ళు. బాల్కనీ చూసి భవనానికి తీర్పు చెప్పకూడదు.

నా చేతికి ఇస్తే ఎలా చేస్తానంటారా? మొదట బరువు దించుతాను. తర్వాత చేర్చిన అడ్డుగోడలు, అటకలు, ట్యాంకులు అన్నీ తీయించి, కింద సపోర్టులు పెట్టించి, ఆ తర్వాతే పరీక్షలు. చాలామంది పరీక్షలు ముందు చేస్తారు. అప్పుడు లెక్కలో వచ్చేది భవనం బలహీనత కాదు, దాని మీద కూర్చున్న చెత్త బరువు. పాత పోత స్తంభాలు లోపల డొల్లగా ఉంటాయి. పడుకోబెట్టి పోత పోస్తే లోపలి అచ్చు తేలి ఒకవైపు గోడ మందంగా, ఇంకోవైపు పలచగా రావచ్చు. అందుకని ప్రతి స్తంభానికీ చుట్టూ మూడు చోట్లైనా మందం కొలవాలి. ఒక చోట కొలిచి మిగతాది ఊహిస్తే కొంప మునుగుతుంది. దీని మీద నేను చాలా పట్టుదలగా ఉంటాను.

తర్వాత ప్రతి భాగానికీ నంబరు వేసి, పోయినవి ఏవో, ఉన్నవి ఏవో పట్టిక రాస్తాను. ఇది బోల్టుల భవనం. ఒక బ్రాకెట్ విప్పి, అదే అచ్చులో కొత్తది పోయించి, మళ్ళీ బిగించవచ్చు. ఆర్‌సీసీ భవనంలో ఇది కుదరదు. నా దృష్టిలో వాట్సన్‌కి ఉన్న అతి పెద్ద అదృష్టం అదే. చేత ఇనుప బీములు పొరలు విడిపోయిన చోట కోసి కొత్త ప్లేట్లు వేయాలి, చెక్క ఫ్లోరింగ్‌లో పెద్ద భాగం మార్చక తప్పదు.

ఒక హెచ్చరిక. పోత ఇనుముకి మామూలు వెల్డింగ్ పెట్టనివ్వకండి. పైన చెప్పిన భవనంలోనే, మోగని ఆ పద్నాలుగో స్తంభానికి నేను సైట్‌లో లేని రోజు కాంట్రాక్టర్ మనిషి మంచి ఉద్దేశంతోనే పగులు మీద వెల్డింగ్ కొట్టాడు. సాయంత్రానికి బాగానే ఉంది. పొద్దున్నే వెళ్తే వెల్డింగ్ పక్కనే వెంట్రుక మందాన కొత్త పగులు, పాత దానికన్నా జానెడు ఎక్కువ పొడవు. వేడెక్కిన చోట కార్బన్ వల్ల గాజులా పెళుసెక్కి, చల్లారి కుంచించుకుంటూ చీలిపోయింది. నాకు ఆ రోజు చెమటలు పట్టాయి, పైన రెండంతస్తుల్లో మనుషులున్నారు. వెంటనే సపోర్టులు పెట్టించి, తర్వాత చల్లటి పద్ధతిలో, అంటే పగులుకి అడ్డంగా గాడులు తొలిచి లోహపు కుట్లు వేసి సరిచేశాం. తప్పు ఆ కుర్రాడిది కాదు, ముందే చెప్పని నాది. అప్పటి నుంచి సైట్ మొదలయ్యే రోజే స్తంభాల మీద పెయింట్‌తో 'వెల్డింగ్ వద్దు' అని మరాఠీ, హిందీ, తెలుగుల్లో రాయిస్తున్నాను. తెలుగెందుకంటే మా మేస్త్రీల్లో సగం మంది పాలమూరు వాళ్ళు.

మంట విషయం కూడా మర్చిపోకూడదు. పోత ఇనుము వేడెక్కి ఉండగా చల్లటి నీళ్ళు కొడితే ఒక్కసారిగా చిట్లుతుంది. కాబట్టి మళ్ళీ జనం ఉండేలా చేయాలంటే స్ప్రింక్లర్లు, మంటను ఆపే పూతలు, విడి మెట్లు అన్నీ ఉండాలి. ఖర్చు తక్కువేమీ కాదు. మరమ్మతు చవక అని చెప్పి ఎవర్నీ ఒప్పించాలని చూడను, అది అబద్ధం అవుతుంది.

ఖర్చుకి తగ్గట్టు బతుకుతుందా అంటే, మళ్ళీ లండన్ చూడండి. మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్ ఎందుకు మూతపడిందో తెలుసా? మంట అంటుకోకుండా నేలలు చాలా మందంగా కట్టారు. గదికొక బాత్రూం కావాలనే కాలం వచ్చేసరికి పైపులు దింపడానికి ఆ నేలలు తొలవలేకపోయారు. 1935లో హోటల్ మూసేసి రైల్వే ఆఫీసులు పెట్టారు. 1960లలో కూల్చేద్దామన్నారు. 1967లో దానికి అత్యున్నత రక్షణ హోదా వచ్చింది, 2011లో మళ్ళీ హోటల్‌గా తెరుచుకుంది. నేలలు తొలవడానికే అంత కష్టపడిన భవనం బతికినప్పుడు, విప్పి బిగించగలిగిన బోల్టుల భవనం బతకదని ఎలా అంటాం?

మీరు మళ్ళీ ముంబై వెళ్తే డేవిడ్ సాసూన్ లైబ్రరీ దగ్గర మొదలుపెట్టి నడవండి. అది 1870 నాటిది, పసుపు రంగు మలాడ్ రాయి. ఆర్చీల మధ్య గోడ ఎంత మందమో కళ్ళతో కొలవండి. అలాగే ముందుకొచ్చి వాట్సన్ ఎదుట నిలబడి స్తంభాల మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. రెండూ ఒకే ఊళ్ళో, దాదాపు ఒకే ఏడాది. పరంజాల సందుల్లోంచి ఒక స్తంభమూ బీమూ కలిసే చోటు ఫోటో తీయగలిగితే ఇక్కడ పెట్టండి. బోల్టు తలలు, బ్రాకెట్ అంచు కనపడితే చాలు, ఆ కీలు ఏ స్థితిలో ఉందో వీలైనంత చెబుతాను. కింద మాత్రం నిలబడకండి, రోడ్డు అవతలి నుంచి తీయండి.